ఉప్పునీటి తొట్టిలో అలంకరణ రొయ్యలు

పరిచయం

రొయ్య అనగానే మీకు ముందుగా కూర గుర్తుకు రావచ్చు, లేదా చెరువు గుర్తుకు రావచ్చు. మీలో కొందరు భీమవరం, నెల్లూరు ప్రాంతాల్లో రొయ్యల చెరువుల మీద పనిచేసి ఉంటారు. చెక్‌ట్రే పైకి తీసి మేత మిగిలిందో లేదో చూసి ఉంటారు. నీటి సెలైనిటీ కొలిచి, రాత్రివేళ ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో కనిపెట్టి ఉంటారు. ఆ అనుభవం ఉన్నవారికి ఈ పాఠం కొంత తేలిక. లేనివారు కూడా అనుసరించగలిగేలా దీన్ని రాశాం.

ఈ పాఠంలోని రొయ్యలు తినడానికి పెంచేవి కావు. ఎక్కువ భాగం వేలెడు పొడవు కూడా ఉండవు. సముద్రంలోని పగడపు దిబ్బల మధ్య బతికే ఈ చిన్న జీవులను రంగు కోసం, నడవడి కోసం గాజు తొట్టిలో పెంచుతారు. వీటినే అలంకరణ రొయ్యలు అంటారు. ఆసుపత్రులలోనూ హోటళ్లలోనూ కొన్ని ఇళ్లలోనూ ఉప్పునీటి అక్వేరియంలు ఉంటాయి. వాటిని అమర్చి, వారం వారం వెళ్లి చూసుకొనే పని కొందరికి జీవనోపాధి కూడా.

ఈ పని చేసేవారి దగ్గర తరచు వినిపించే మాట ఒకటుంది: "చేపలు బాగానే ఉన్నాయి, రొయ్య మాత్రం తెచ్చిన మూడో రోజున చచ్చిపోయింది." వెంటనే అది జబ్బు అనుకొంటారు, మందు కోసం వెతుకుతారు. చాలాసార్లు అది జబ్బు కాదు. నీరు మారింది, అంతే. చేప తట్టుకొన్న మార్పును రొయ్య తట్టుకోలేకపోయింది. ఎందుకు తట్టుకోలేదో అర్థమైతే, తొట్టి దగ్గర ఏ పని ఎందుకు చేస్తున్నామో మీకే తెలుస్తుంది.

ఈ పాఠం చదివిన తరువాత మీరు సాధారణంగా దొరికే అలంకరణ రొయ్యలను గుర్తించగలుగుతారు. రొయ్య కుబుసం విడవడానికి, నీటి లవణీయతకు గల సంబంధాన్ని వివరించగలుగుతారు. తొట్టిలో నీరు ఆవిరైనప్పుడు ఏ నీరు పోయాలో లెక్కకట్టి చెప్పగలుగుతారు. మన దేశంలో తొట్టి కోసం సముద్రం నుండి ఏవి తీయకూడదో కూడా తెలుసుకొంటారు.

ఇవి ఏ రొయ్యలు?

ముందుగా ఒక చిన్న పని చేయండి. ఈసారి చేపల మార్కెట్టుకు వెళ్లినప్పుడు ఒక వెనామీ లేదా టైగర్ రొయ్యను, దొరికితే ఒక నీలకంఠ రొయ్యను తెచ్చి పక్కపక్కన పెట్టండి. పొట్ట భాగంలోని ఖండాల పక్క పలకలను చూడండి. వెనామీలో ఒక్కొక్క పలక తన వెనుక పలకను కొంచెం కప్పుతూ, ఇంటి పెంకుల వరుసలాగా ఉంటుంది. నీలకంఠ రొయ్యలో రెండవ ఖండం పలక వెడల్పుగా ఉండి, ముందున్న మొదటి పలకనూ వెనుకనున్న మూడవ పలకనూ రెండింటినీ కప్పుతుంది. మనం చెప్పుకోబోయే అలంకరణ రొయ్యలలో ఎక్కువ భాగం ఈ రెండవ రకానివే. కాబట్టి చెరువులోని వెనామీ కంటే గోదావరి నీలకంఠ రొయ్యే వీటికి దగ్గర చుట్టం.

ఈ తేడా కేవలం పలకలతో ఆగదు. వెనామీ, టైగర్ రొయ్యలు గుడ్లను నేరుగా నీటిలోకి వదిలేస్తాయి. నీలకంఠ రొయ్య, అలంకరణ రొయ్యలు గుడ్లను పొట్ట కింది కాళ్లకు అంటించుకొని, పిల్లలు బయటికి వచ్చేదాకా మోస్తాయి.

అన్నింటికంటే పేరున్నది శుభ్రపరిచే రొయ్య. శాస్త్రీయ నామం లిస్మాటా అంబోయినెన్సిస్. హిందూ, పసిఫిక్ మహాసముద్రాలలోనూ ఎర్రసముద్రంలోనూ పగడపు దిబ్బల దగ్గర ఉంటుంది. పొడవు 5 నుండి 6 సెంటీమీటర్లు. పక్కలు పసుపు, వీపు ఎరుపు, ఆ ఎరుపు మధ్యలో తల నుండి తోక దాకా తెల్లని చార. పొడవైన తెల్లని మీసాలు ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో వీటినే స్పర్శశృంగాలు అంటారు. ఇది ఒక రాతి అంచున నిలబడి ఆ మీసాలను అటూ ఇటూ ఊపుతుంది. చేపలు వచ్చి దాని ముందు ఆగుతాయి, నోరు తెరుస్తాయి. రొయ్య చేప ఒంటి మీదికెక్కి చచ్చిన చర్మాన్నీ పరాన్నజీవులనూ ఏరుకొని తింటుంది, కొన్నిసార్లు నోటి లోపలికి కూడా వెళ్తుంది. రొయ్యను తినగల చేప సైతం అప్పుడు దాన్ని మింగదు. ఒకరికి తిండి, ఇంకొకరికి శుభ్రత. తొట్టిలో చేయి పెడితే మీ గోళ్ల చుట్టూ కూడా ఇదే పని మొదలుపెడుతుంది. కొత్తగా పెంచేవారికి మా సలహా ఈ రకమే.

దీని దగ్గరి బంధువు లిస్మాటా వుర్డెమాని. ఒంటి మీద ఎర్రని సన్నని గీతలు ఉండడం వల్ల దీన్ని పెప్పర్‌మింట్ రొయ్య అని అమ్ముతారు. తొట్టిలో కలుపు మొక్కలా పెరిగిపోయే అయిప్టేసియా అనే చిన్న సముద్రపుష్పాన్ని ఇది తింటుంది. అందుకే చాలామంది కొంటారు. అయితే దీనిలాగే కనిపించే ఒంటె రొయ్యను కూడా కొన్ని దుకాణాల్లో ఇదే పేరుతో అంటగడతారు. వీపు మీద గూనిలాంటి ఎత్తు, ఎరుపుతోపాటు తెల్లని గీతలూ చుక్కలూ, పెద్ద కళ్లు ఉంటే అది ఒంటె రొయ్య. అది పగడపు జీవులనే కొరుకుతుంది.

స్టెనోపస్ హిస్పిడస్ అనేది ఎరుపు, తెలుపు పట్టీలున్న రొయ్య. ముందు డెక్కలు ఒంటికంటే పొడవు. ఆడ, మగ జంటగా అయితేనే ఒక తొట్టిలో రెండు ఉంచాలి. జత కుదరని రెండింటిని ఉంచితే ఒకటే మిగులుతుంది. చిన్న రొయ్యలను కూడా ఇది బతకనివ్వదు. దీనికి పూర్తిగా వ్యతిరేకం థార్ అంబోయినెన్సిస్. రెండు సెంటీమీటర్లు కూడా దాటదు, తోక పైకెత్తి నాట్యం చేస్తున్నట్టు ఊగుతూ సముద్రపుష్పాల మధ్య గుంపుగా బతుకుతుంది.

బొరియలు తవ్వే ఆల్ఫియస్ రొయ్యల సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. వీటికి చూపు మందం. అందుచేత గోబీ అనే చిన్న చేపతో కలిసి ఒకే బొరియలో కాపురం ఉంటాయి. రొయ్య ఇసుక తవ్వుతున్నంతసేపూ ఒక మీసాన్ని చేప ఒంటి మీదే ఆనించి ఉంచుతుంది. అపాయం కనిపించి చేప తోక ఆడించగానే రొయ్య లోపలికి పోతుంది. దీని పెద్ద డెక్క టక్కున మూసుకొంటే వచ్చే చప్పుడు రాత్రివేళ గది అంతా వినిపిస్తుంది. తొట్టి గాజు పగిలిందని లేచి దీపం వేసినవారు ఎందరో!

అందమైన హైమనోసెరా పిక్టా రొయ్యను మాత్రం కొనవద్దు. ఇది నక్షత్రచేపలను తప్ప దాదాపు ఇంకేమీ తినదు. వారం వారం ఒక నక్షత్రచేపను కొని వేయగలిగినవారు అరుదు. మిగతావారి తొట్టిలో అది మెల్లగా ఆకలితో చనిపోతుంది.

పాఠ్యగత ప్రశ్న 1: మార్కెట్టులో చూసిన రొయ్య గుడ్లను పొట్ట కింద మోసే రకమా కాదా అని, గుడ్లు కనిపించకపోయినా, ఎలా చెప్పగలరు?

కుబుసం విడిచే రోజు

రొయ్యకు మనకు ఉన్నట్టు లోపల ఎముకలు లేవు. దాని ఒంటిని నిలబెట్టేది పైనున్న పెంకు. కైటిన్ అనే పదార్థంతో ఏర్పడి, కాల్షియం లవణాలతో గట్టిపడిన ఈ పెంకు పెరగదు. లోపలి ఒళ్లు పెరిగేకొద్దీ చొక్కా బిగుతైనట్టు అవుతుంది. అప్పుడు పాత పెంకును వదిలి కొత్తదాన్ని తయారుచేసుకోవాలి. దీన్ని నిర్మోచనం అంటారు. వాడుకలో కుబుసం విడవడం. శుభ్రపరిచే రొయ్య పెద్దదయ్యాక కూడా సుమారు రెండు నుండి నాలుగు వారాలకు ఒకసారి ఈ పని చేస్తుంది.

అసలు పని కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, కానీ దాని సన్నాహం రోజుల తరబడి సాగుతుంది. పాత పెంకు కింద మెత్తని కొత్త పెంకు ఏర్పడుతుంది. సాధారణంగా రాత్రివేళ, తలభాగానికీ పొట్టభాగానికీ మధ్య అతుకు విచ్చుకొని, రొయ్య ఒక్క కుదుపుతో వెనుకకు బయటపడుతుంది. కాళ్లు, మీసాలు, కంటి పొర, మొప్పల మీది పొర, అన్నీ పాత పెంకుతో పాటే ఊడి వస్తాయి. వెంటనే రొయ్య నీటిని ఒంట్లోకి పీల్చుకొని ఉబ్బుతుంది. ఆ ఉబ్బిన కొలతకే కొత్త పెంకు గట్టిపడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. కొత్త పెంకు గట్టిపడడానికి కావలసిన కాల్షియం నీటిలో నుండి రావాలి. ఒంట్లోకి నీరు ఎంత వేగంగా వస్తుందో నీటి లవణీయత నిర్ణయిస్తుంది. ఆ కొన్ని గంటల్లో రొయ్యకు, నీటికి మధ్య ఉన్నది మెత్తని పొర మాత్రమే. కాబట్టి నీటిలో లవణీయత హఠాత్తుగా మారితే రొయ్య వేళకు ముందే కుబుసం విడవవచ్చు, లేదా సగంలో ఇరుక్కుపోవచ్చు. సగం పెంకులో ఇరుక్కున్న రొయ్య దాదాపుగా బతకదు. "నెల రోజులు బాగుంది, ఒక ఉదయం చచ్చి కనిపించింది" అని చెప్పేవారి రొయ్య చాలాసార్లు కుబుసం విడిచే రాత్రే పోయి ఉంటుంది. నీటిలో తప్పు అంతకుముందే ఉన్నా, అది బయటపడింది ఆ రాత్రి.

చెరువులో వెనామీ కొంత మొండిది. ఆ జాతి చిన్నతనంలో నదీముఖాల దగ్గర పెరుగుతుంది, అక్కడ వాన పడితే ఉప్పు తగ్గడం, ఎండ కాస్తే పెరగడం మామూలే. పగడపు దిబ్బ దగ్గర అలా కాదు. ఏడాది పొడవునా నీటి లవణీయత దాదాపు ఒకేలా ఉంటుంది. అక్కడి రొయ్యకు మార్పు అలవాటు లేదు.

ఇక్కడ ఒక మాట. ఉదయం తొట్టి అడుగున కదలకుండా పడివున్న రొయ్యను చూసి కంగారుపడి బయట పారేయకండి. అది వదిలేసిన పెంకే కావచ్చు. పెంకు అయితే గాజులా పలచగా, లోపల బోలుగా ఉంటుంది, కళ్ల చోట ఖాళీ పొర కనిపిస్తుంది. చచ్చిన రొయ్య ఒళ్లు ఉడికించినట్టు తెల్లగానో గులాబీ రంగుగానో మారి, లోపల మాంసం కనబడుతుంది. రొయ్య మాత్రం ఒకటి రెండు రోజులు రాళ్ల సందున దాక్కొనే ఉంటుంది. వెతకడానికి రాళ్లు కదిలించవద్దు. పాత పెంకును ఒక రోజు తొట్టిలోనే ఉంచండి, కొన్ని రొయ్యలు దాన్ని కొంత తింటాయి.

కుబుసం బాగా విడవడానికని అయోడిన్ ద్రావణాలు అమ్ముతారు. వారం వారం కొంత నీరు మార్చే తొట్టికి ఇవి అవసరం లేదని మా అభిప్రాయం. తక్కువైతే ఇబ్బంది లేదు కానీ, కొలత లేకుండా ఎక్కువ పోస్తే అదే విషం.

తొట్టిలో సముద్రం

సముద్రపు నీటిలో ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు. చెరువుల మీద పనిచేసేవారి మాటలో 35 పి.పి.టి. ఈ ఉప్పు అంతా మనం వంటలో వాడే సోడియం క్లోరైడు కాదు. అది పెద్ద భాగమే అయినా, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు, బైకార్బొనేటు కూడా కలిసి ఉంటాయి. కాబట్టి వంట ఉప్పు కలిపి సముద్రపు నీరు తయారుచేయలేం. అక్వేరియం కోసం తయారైన కృత్రిమ సముద్ర లవణాన్ని ఆర్.ఓ. నీటిలో కలపాలి. బోరు నీరు, కుళాయి నీరు వాడవద్దు. వాటిలో క్లోరిన్, రాగి, నైట్రేటు వంటివి ఉండవచ్చు. బకెట్‌లో ఉప్పు కలిపి, చిన్న పంపు పెట్టి ఒక రోజు తిరగనివ్వండి. తరువాత రిఫ్రాక్టోమీటరుతో కొలవండి. ఆ పరికరాన్ని కూడా 35 పి.పి.టి. ప్రామాణిక ద్రావణంతో అప్పుడప్పుడు సరిచూడాలి. తప్పు చూపే పరికరం కంటే పరికరం లేకపోవడమే నయం, కనీసం అప్పుడు అనుమానమైనా ఉంటుంది.

విశాఖపట్నం, మచిలీపట్నం వంటి ఊళ్లలో ఉన్నవారు సముద్రపు నీరే తెచ్చుకోవచ్చు కదా అని అడుగుతారు. తీరం అంచున నీటిలో మురుగు కాలువల నీరు, పడవల నూనె కలిసి ఉంటాయి. వానలు పడినప్పుడు లవణీయత పడిపోతుంది. శుద్ధిచేసి, పరీక్షించే ఏర్పాటు ఉన్న హేచరీలు ఆ నీటిని వాడగలవు. ఇంట్లో తొట్టికి అది మంచిది కాదు.

ఇక అసలు విషయం. తొట్టిలో నీరు ఆవిరవుతుంది. నీరు పోతుంది, ఉప్పు పోదు. ఒక లెక్క చూద్దాం. మీ తొట్టిలో 100 లీటర్ల నీరు, 35 పి.పి.టి. దగ్గర ఉందనుకొందాం. అంటే మొత్తం ఉప్పు సుమారు 3,500 గ్రాములు. ఎండాకాలంలో రోజుకు 2 లీటర్ల చొప్పున, ఐదు రోజులలో 10 లీటర్లు ఆవిరైతే మిగిలేది 90 లీటర్లు. ఉప్పు మాత్రం 3,500 గ్రాములే. ఇప్పుడు లీటరుకు సుమారు 38.9 గ్రాములు! రొయ్యకు ఏ జబ్బూ రాలేదు, నీటిలో ఎవరూ ఏమీ కలపలేదు, అయినా అది వేరే సముద్రంలో పడినట్టయింది.

కాబట్టి ఆవిరైన నీటి స్థానంలో పోయవలసింది ఉప్పు లేని ఆర్.ఓ. నీరు. తొట్టి గాజు మీద నీటిమట్టం దగ్గర ఒక గీత పెట్టుకోండి. రోజూ ఒకే వేళకు ఆ గీత దాకా మంచినీరు పోయండి. ఐదు రోజులు మరచిపోయి ఆరో రోజున పది లీటర్లు ఒకేసారి గుమ్మరించడం ఇంకొక పొరపాటు. అలా చేస్తే లవణీయత ఒక్కసారిగా 39 నుండి 35కు పడుతుంది. పెరగడం ఐదు రోజులు పట్టింది, దిగడం కూడా రెండు మూడు రోజులు పట్టనివ్వండి.

పాఠ్యగత ప్రశ్న 2: పై లెక్కలో ఆవిరైన 10 లీటర్ల స్థానంలో ఒకరు 35 పి.పి.టి. ఉప్పునీరే 10 లీటర్లు పోశారు. ఇప్పుడు లవణీయత ఎంత?

వేడి ఇంకొక సమస్య. ఈ రొయ్యలకు 24 నుండి 27 డిగ్రీల సెంటీగ్రేడు అనుకూలం. మన ఊళ్లలో మే నెలలో గది వేడే అంతకు మించి ఉంటుంది. చిల్లర్ కొనగలిగితే మంచిదే, అది ఖరీదైన పరికరం. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అయితే ఫ్యాను చల్లబరిచేది నీటిని ఆవిరి చేసే! కాబట్టి ఫ్యాను వాడే ఇంట్లో మంచినీరు పోయడం ఒక్క పూట కూడా మరవకూడదు. కరెంటు పోతుందన్నది ముందే తెలిసిన సంగతి కాబట్టి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది.

కొత్త తొట్టిలో రొయ్యను వెంటనే వేయకూడదన్న సంగతి మీరు విని ఉంటారు. మిగిలిన మేత, జీవుల వ్యర్థాలు కుళ్లి అమోనియా తయారవుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఇంకొక రకం నైట్రేటుగా మారుస్తాయి. ఈ బాక్టీరియాలు రాళ్ల మీద స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. చిటికెడు మేత వేసి, రెండు మూడు రోజులకొకసారి పరీక్షిస్తూ, అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చేదాకా ఆగాలి. ఆ తరువాత కూడా మరికొన్ని వారాలు ఆగి రొయ్యను తెస్తే మేలు. పి.హెచ్. 8.1 నుండి 8.4 మధ్య, కాల్షియం లీటరుకు 400 మి.గ్రా.కు తగ్గకుండా, నైట్రేటు వీలైనంత తక్కువగా ఉండాలి. వారానికి పదో వంతు నీటిని, అదే లవణీయత, అదే వేడి ఉన్న కొత్త నీటితో మార్చితే వీటిలో ఎక్కువ భాగం అవే సర్దుకొంటాయి. మొదలుపెట్టేవారు వంద లీటర్లకు తగ్గని తొట్టి తీసుకోండి. చిన్న తొట్టి చవక అనిపిస్తుంది కానీ, తక్కువ నీటిలో ప్రతి మార్పూ పెద్దదే.

ఇంటికి తెచ్చిన రోజు

దుకాణంలో కొనే ముందు ఒకే ఒక ప్రశ్న తప్పక అడగండి: "మీ తొట్టిలో సెలైనిటీ ఎంత?" ఉప్పు ఖర్చు తగ్గుతుందని, చేపల పరాన్నజీవులు తగ్గుతాయని కొందరు 28, 30 దగ్గర ఉంచుతారు. అటువంటి నీటి నుండి మీ 35లోకి ఒక గంటలో మార్చడం ప్రమాదం. వీలైతే వేరే చిన్న తొట్టిలో దుకాణం లవణీయతకే నీరు తయారుచేసి, రోజుకు ఒకటి రెండు పి.పి.టి. చొప్పున పెంచండి.

తేడా కొద్దిగానే ఉంటే చుక్కల పద్ధతి చాలు. కట్టిన సంచిని పావుగంట, ఇరవై నిమిషాలు తొట్టి నీటిలో తేలనిచ్చి వేడి సమానం చేయండి. తరువాత సంచి విప్పి, రొయ్యను ఆ నీటితో సహా శుభ్రమైన చిన్న బకెట్‌లో పోయండి. తొట్టి నుండి సన్నని గొట్టం ద్వారా సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున నీరు దిగనివ్వండి. మందుల దుకాణంలో దొరికే కొత్త సెలైన్ గొట్టం దీనికి చక్కగా పనికివస్తుంది, చుక్కలను తగ్గించే చక్రం దానికే ఉంటుంది. బకెట్‌లో నీరు రెండు మూడింతలు అయ్యేదాకా అలా సాగనివ్వండి. చివరగా రొయ్యను గ్లాసుతో తీసి తొట్టిలోకి వదలండి. వల వాడితే మీసాలు చిక్కుకొని విరుగుతాయి. సంచి నీటిని తొట్టిలో పోయవద్దు.

దూర ప్రాంతం నుండి పార్సిల్‌లో వచ్చిన రొయ్య విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. గంటల తరబడి మూసివున్న సంచిలో అమోనియా పేరుకొంటుంది. అందులో బొగ్గుపులుసు వాయువు కూడా పేరుకొని పి.హెచ్. తగ్గడం వల్ల ఆ అమోనియా అంత హాని చేయదు. సంచి విప్పగానే ఆ వాయువు పోతుంది, పి.హెచ్. పెరుగుతుంది, అమోనియా విషమవుతుంది. కాబట్టి ఇలాంటి రొయ్యకు చుక్కల పద్ధతి పేరుతో మూడు నాలుగు గంటలు సాగదీయవద్దు. దాని సంచి లవణీయతకు సరిపోయే నీరు ముందే సిద్ధంగా ఉంచుకొని, వేడి సమానం కాగానే అందులోకి మార్చండి.

రెండు విషాలు

చేపలకు తెల్లమచ్చలు వస్తే చాలామంది రాగి కలిసిన మందు వేస్తారు. చేప తట్టుకొనే మోతాదు రొయ్యను చంపుతుంది. రాగి ఒకసారి వాడిన తొట్టిలో ఇసుక, సున్నపురాళ్లు దాన్ని పీల్చుకొని, తరువాత మెల్లగా వదులుతాయి. అందుచేత పాత తొట్టి కొనేటప్పుడు అందులో ఏ మందులు వాడారో అడగండి. జబ్బు చేపకు వేరే తొట్టిలో వైద్యం చేయండి. ఇత్తడి బిగింపులు కూడా నీటికి తగలనివ్వవద్దు.

రెండవది మన ఇళ్లలో రోజూ ఉండేదే: దోమల మందు. దోమ, బొద్దింక, రొయ్య అన్నీ ఆర్థ్రోపొడా వర్గానికి చెందినవే. దోమల బిళ్లల్లోనూ ద్రావణాల్లోనూ స్ప్రేలలోనూ ఉండే పైరెత్రాయిడ్ మందులు కీటకాల నాడులను దెబ్బతీసినట్టే రొయ్య నాడులను కూడా దెబ్బతీస్తాయి. ఎయిర్ పంపు గదిలోని గాలిని నీటిలోకి పంపుతుంది, గాలితో పాటు మందూ వెళ్తుంది. తొట్టి ఉన్న గదిలో దోమతెర వాడండి. సబ్బు, కొబ్బరినూనె, దోమల లేపనం రాసుకొన్న చేతిని నీటిలో పెట్టవద్దు.

తిండి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. చేపలకు వేసినదాంట్లో పడినది ఏరుకొంటాయి. వారానికి రెండుసార్లు చిన్న చేప ముక్కో, గడ్డకట్టిన ఆర్టీమియాయో ఇస్తే చాలు. "శుభ్రపరిచే రొయ్య కదా, చేపల మీది పరాన్నజీవులే దానికి తిండి" అని పస్తు పెట్టకండి. తోడుగా లయన్ ఫిష్, ట్రిగ్గర్, హాక్ ఫిష్, పెద్ద వ్రాస్ చేపలను ఉంచవద్దు. సముద్రంలో పాటించే మర్యాదను తొట్టిలో ఆకలిగొన్న చేప పాటించదు, ముఖ్యంగా కుబుసం విడిచిన రోజున.

గుడ్లు, పిల్లలు, సముద్రం

లిస్మాటా రొయ్యల జీవితంలో ఒక వింత ఉంది. అవి మొదట మగవిగా ఎదుగుతాయి. తరువాత ఆడ లక్షణాలు కూడా వచ్చి, ఒకే రొయ్య రెండు పాత్రలూ పోషించగలదు. కాబట్టి పెద్ద రొయ్యలు ఏ రెండు కలిసినా జంటే. ఒకటి కుబుసం విడిచిన వెంటనే ఇంకొకటి మగ పాత్రలో దానితో కలుస్తుంది. పొట్ట కింద ఆకుపచ్చని గుడ్లు సుమారు రెండు వారాలు ఉండి, రాత్రివేళ పిల్లలు బయటికి వస్తాయి.

తెల్లారేసరికి ఆ పిల్లలు ఉండవు. చేపలు తింటాయి, లేదా వడపోత పంపులో పడిపోతాయి. వేరు చేసి పెంచుదామంటే, శుభ్రపరిచే రొయ్య లార్వా దశ నెలల తరబడి సాగుతుంది, అనేక దశలు దాటాలి. పెప్పర్‌మింట్ రొయ్యలో ఈ కాలం చాలా తక్కువ కాబట్టి దాన్ని తొట్టిలో పుట్టించి అమ్మగలుగుతున్నారు. శుభ్రపరిచే రొయ్యలలో అధిక భాగం ఇప్పటికీ సముద్రంలో పట్టి తెచ్చినవే. మీరు చంపుకొన్న ప్రతి రొయ్య స్థానంలో ఇంకొకదాన్ని పగడపు దిబ్బ నుండి తీస్తారన్నమాట.

మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు నాలుగు చోట్ల ఉన్నాయి: లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులు, మన్నార్ సింధుశాఖ ప్రాంతం, కచ్ సింధుశాఖ. గోదావరి, కృష్ణ నదుల మంచినీరూ ఒండ్రూ కలిసే మన తీరంలో అటువంటివి ఏర్పడలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్ర గుర్రాలు మొదలైనవాటిని 2001లో దాని షెడ్యూళ్లలో చేర్చారు. వాటిని సముద్రం నుండి తీయడం, అమ్మడం నేరం. "లైవ్ రాక్" పేరుతో అమ్మే రాయి చాలావరకు పగడపు అస్థిపంజరమే, దాని జోలికి పోవద్దు. కాల్చిన మట్టితోనో సిమెంటుతోనో చేసిన రాళ్ల మీద కూడా బాక్టీరియా అంతే బాగా స్థిరపడుతుంది, కొన్ని వారాలు ఎక్కువ పట్టవచ్చు. రొయ్యకు కావలసింది దాక్కోవడానికి సందు. ఆ సందు పగడానిదా మట్టిదా అని అది చూడదు.

పెంచి అమ్మే మార్గం కూడా మన దేశంలో మొదలైంది. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ స్థానిక ప్రజలకు, ముఖ్యంగా స్త్రీలకు, అలంకరణ రొయ్యల పెంపకంలో శిక్షణ ఇచ్చింది. హేచరీలో పుట్టిన రొయ్య పిల్లలను వారు అమ్మే పరిమాణం వచ్చేదాకా పెంచుతారు. అక్కడ పెంచిన రకాల్లో థార్ హైనానెన్సిస్ ఒకటి. మీరు రొయ్య కొనేటప్పుడు అది ఎక్కడ పుట్టిందని అడగండి. దుకాణదారుకు తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే తెలుసుకొంటాడు.

పాఠ్యగత ప్రశ్న 3: మీ పొరుగింటి తొట్టిలో రాత్రి దోమల స్ప్రే కొట్టిన తరువాత రొయ్యలు చచ్చాయి, చేపలు బతికాయి. కారణం వివరించండి.

జవాబులు

1. రెండవ ఖండం పక్క పలక ముందు, వెనుక పలకలు రెండింటినీ కప్పుతుంటే అది గుడ్లు మోసే రకం.

2. మొదట ఉన్న ఉప్పు 3,500 గ్రాములు, కొత్తగా పోసిన నీటిలో 350 గ్రాములు, మొత్తం 3,850. దీన్ని 100 లీటర్లతో భాగిస్తే 38.5 పి.పి.టి. నీటిమట్టం గీత దాకా వచ్చింది కానీ రొయ్యకు ఒరిగిందేమీ లేదు.

3. 'రెండు విషాలు' భాగాన్ని మళ్లీ చదివి, మీ సొంత మాటల్లో రాయండి.